ఉలికి, చిత్రిక బ్లేడుకు సానరాయి ఎలా ఎంచుకోవాలి

సానరాయి కొందామని చూడటం మొదలుపెడితే ముందు అంకెలు కంగారు పెడతాయి. 220, 400, 1000, 6000, 8000, ఇంకా పైకి. వాటికి తోడు నూనెతో వాడే ఆయిల్ స్టోన్, నీళ్లతో వాడే వాటర్ స్టోన్, సిరామిక్, డైమండ్ ప్లేటు అంటూ రకాలు. ఏది మంచిదని నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి, ఆ నలుగురి ఉలులూ పదునుగానే ఉంటాయి. ఎందుకంటే ఏ రకం రాయి మీదైనా పదును వస్తుంది. ఎంతసేపు రుద్దాలి, రాయిని ఎంత జాగ్రత్తగా చూసుకోవాలి, మీ దగ్గరున్న స్టీలును ఆ రాయి కోయగలదా లేదా అన్న చోటే తేడా వస్తుంది. అందుకని రాళ్ల సంగతి కాసేపు పక్కనపెట్టి మీ పనిముట్ల పెట్టె తెరవండి.

మొదటి మెట్టు: మీ పనిముట్లను లెక్క చూసుకోండి

ఉలులు, చిత్రిక బ్లేడ్లు అన్నీ బల్ల మీద పరచండి. ముందుగా అన్నిటికన్నా వెడల్పైనదాన్ని కొలవండి. మామూలుగా అది చిత్రిక బ్లేడే అవుతుంది. చాలా చిత్రికల్లో బ్లేడు 50 మి.మీ. వెడల్పు ఉంటుంది, పొడవాటి చిత్రికల్లో 60 మి.మీ. దాకా వెళుతుంది. రాయి దానికన్నా కాస్త వెడల్పుగా ఉండాలి. 70 నుంచి 75 మి.మీ. వెడల్పు, 200 మి.మీ. పొడవు ఉన్న రాయి అన్నిటికీ సరిపోతుంది. 50 మి.మీ. రాయి మీద 50 మి.మీ. బ్లేడును నూరలేమని కాదు, ఏటవాలుగా పెట్టి నూరొచ్చు. కానీ ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ అరగడం అక్కడే మొదలవుతుంది.

నూరేటప్పుడు బ్లేడును ఒకే కోణంలో పట్టి ఉంచే హోనింగ్ గైడ్ వాడేవాళ్లకు పొడవు ఇంకా ముఖ్యం. గైడ్ చక్రం కూడా రాయి మీదే తిరుగుతుంది కాబట్టి కొంత పొడవు దానికే పోతుంది. 150 మి.మీ. రాయి మీద గైడ్ పెట్టి చూస్తే అంచు కదలడానికి మిగిలే చోటు చాలా తక్కువ. చేత్తోనే నూరే అలవాటుంటే ఈ ఇబ్బంది లేదు.

తర్వాత స్టీలు. రాయి ఎంపికను అన్నిటికన్నా ఎక్కువగా తేల్చేది ఇదే, కానీ చాలామంది దీన్ని చివర్న చూస్తారు. మామూలు కార్బన్ స్టీలు, ఓ1 అనే రకం స్టీలు, క్రోమ్ వెనేడియం ఉలులు ఏ రాయి మీదైనా చక్కగా అరుగుతాయి. ఏ2 అనే రకం స్టీలులో సుమారు 5 శాతం క్రోమియం ఉంటుంది, డీ2 రకంలో సుమారు 12 శాతం. ఈ క్రోమియం కార్బన్‌తో కలిసి స్టీలు లోపల గట్టి కార్బైడ్ రేణువులుగా మారుతుంది. అంచు ఎక్కువకాలం నిలవడానికి కారణం ఆ రేణువులే, నూరేటప్పుడు చేతులు నొప్పెట్టడానికీ కారణం అవే. హైస్పీడ్ స్టీలులోనూ, లోహపు పొడితో చేసే కొన్ని పౌడర్ స్టీళ్లలోనూ వెనేడియం కార్బైడ్ ఉంటుంది. అది రాళ్లలో ఎక్కువగా వాడే అల్యూమినియం ఆక్సైడ్ కన్నా గట్టిది. అలాంటి బ్లేడును మామూలు రాయి మీద రుద్దితే కార్బైడ్ చుట్టూ ఉన్న స్టీలు అరుగుతుంది కానీ కార్బైడ్ పెద్దగా తెగదు. డైమండ్ మాత్రం దాన్ని కూడా కోస్తుంది.

మీ బ్లేడు ఏ స్టీలో తెలియకపోతే, దాని మీద ఏమీ రాసి లేకపోతే, పాతదైతే అది చాలావరకు కార్బన్ స్టీలే. తడి తగిలి తుప్పు త్వరగా పడుతుంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది.

ఇక పనిముట్ల పరిస్థితి చూడండి. అంచులో నొక్కులు ఉన్నాయా? వెనక ముఖం (వాలు లేని చదును వైపు) మీద తుప్పు గుంటలు అంచు దాకా వచ్చాయా? ఎవరో ఇంతకుముందు గుండ్రంగా నూరేశారా? ఇవేవీ లేకపోతే గరుకు రాయి ఇప్పుడే కొననక్కర్లేదు. అన్నీ పాత పనిముట్లే అయితే మాత్రం గరుకు రాయి లేకుండా పని ముందుకు సాగదు.

రెండో మెట్టు: పనులు మూడే, రాళ్లు కూడా మూడు చాలు

నూరడంలో మూడు పనులుంటాయి. పాడైన అంచును దారికి తేవడం, అంచును తయారు చేయడం, ఆ అంచును నునుపు చేయడం. మొదటిదానికి 220 నుంచి 400 గ్రిట్ (రాయి రేణువు సైజును చెప్పే అంకె, పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది), రెండోదానికి 800 నుంచి 1200, మూడోదానికి 4000 నుంచి 8000. వాటర్ స్టోన్ల మీద ఉండే అంకెల ప్రకారం చెబుతున్నాను.

ఒక్క రాయికే డబ్బుంటే 1000 కొనండి. ఇందులో నాకు సందేహమే లేదు. నిజమైన పదును పుట్టేది ఈ మధ్య రాయి మీదే. వాలు వైపు రుద్దుతూ ఉంటే ఒక దశలో అంచు అవతలికి సన్నటి స్టీలు మడత తిరుగుతుంది. దాన్ని బర్ అంటారు. కంటికి కనిపించకపోవచ్చు. బొటనవేలిని వెనక ముఖం మీద పెట్టి అంచు బయటికి మెల్లగా జారిస్తే వేలికి గీరుకున్నట్టు తగులుతుంది. వేలిని ఎప్పుడూ అంచు మీదుగా బయటికే జార్చాలి, అంచు వెంబడి పొరపాటున కూడా నడపకూడదు. ఆ గీర ఒక మూల నుంచి ఇంకో మూల దాకా ఎక్కడా తెగకుండా తగిలితే రెండు ముఖాలూ నిజంగా కలిశాయని అర్థం. మధ్యలో ఒక్క చోట తగలకపోయినా అక్కడ ఇంకా అంచు తయారు కాలేదు. ఈ పని పూర్తికాకుండా 8000 రాయి మీద ఎంత మెరిపించినా మొండి అంచుకు మెరుపు వస్తుందే తప్ప పదును రాదు.

రెండు రాళ్లు కొనగలిగితే 1000, 6000. రెండూ అతికించి ఒకే దిమ్మగా అమ్మే కాంబినేషన్ రాళ్లు మొదలుపెట్టేవాళ్లకు బాగానే ఉంటాయి. ఒక పక్క అరిగిపోయాక రెండో పక్క మిగిలిపోవడం ఒక్కటే వాటితో వచ్చే చిక్కు. 1000 నుంచి ఒకేసారి 6000కి దూకొచ్చా అని చాలామందికి టెన్షన్. 25 డిగ్రీల వాలు మీద కొసన మాత్రం 30 డిగ్రీలకు ఎత్తి నూరుతుంటే ఆ రెండో వాలు మిల్లీమీటరు వెడల్పు కూడా ఉండదు. అంత సన్నటి పట్టీ మీది గీతలను 6000 సులువుగా తీసేస్తుంది. అదే 300 నుంచి 8000కి దూకితే ఆ లోతు గీతలు పోవడానికి చాలాసేపు పడుతుంది, రాయి కూడా అనవసరంగా అరుగుతుంది.

నునుపు రాయికి డబ్బు సరిపోకపోతే, చదునైన చెక్కకు తోలు ముక్క అతికించి దాని మీద క్రోమియం ఆక్సైడ్ ఉండే ఆకుపచ్చ పేస్టు రాసుకోండి. 1000 రాయి తర్వాత ఈ తోలు పట్టీ మీద అంచును వెనక్కి లాగుతూ కొన్నిసార్లు రుద్దితే రోజువారీ పనికి సరిపోయే పదును వస్తుంది. తోలు మీద అంచును ముందుకు తోయకండి, తోలు తెగుతుంది. గట్టిగా నొక్కినా మంచిది కాదు. తోలు అణిగి అంచు కొసను గుండ్రం చేస్తుంది.

మూడో మెట్టు: అంకెలను మైక్రాన్లలోకి మార్చుకుని పోల్చండి

రాయి మీద 1000 అని ఉన్నా, శాండ్‌పేపర్ మీద 1000 అని ఉన్నా, డైమండ్ ప్లేటు మీద 1000 అని ఉన్నా అవన్నీ ఒకటి కావు. ఒక్కోదానికి ఒక్కో కొలత పద్ధతి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. జపాన్ పద్ధతిలో 1000 గ్రిట్ రాయి రేణువు సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు ఉంటుంది. పీ1000 అని ఉండే శాండ్‌పేపర్‌లో రేణువు సుమారు 18 మైక్రాన్లు, పీ2000లో సుమారు 10. అంటే 1000 రాయి ఈ రెండు పేపర్ల మధ్యలో పడుతుంది. డైమండ్ ప్లేట్ల మీద సాధారణంగా మెష్ (జల్లెడ కన్నాల) లెక్క ఉంటుంది. 325 మెష్ అంటే దాదాపు 45 మైక్రాన్లు, 600 అంటే 25, 1200 అంటే 9. వాటర్ స్టోన్లలో 4000 దాదాపు 3 మైక్రాన్ల దగ్గర, 8000 ఒకటి రెండు మైక్రాన్ల మధ్య ఉంటాయి. కంపెనీ మైక్రాన్ల లెక్క ఇస్తే దాన్నే చూడండి, ఇవ్వకపోతే ఏ పద్ధతి ప్రకారం ఆ అంకె వేశారో అడగండి.

కొన్ని ఆయిల్ స్టోన్లకు అంకెలే ఉండవు. అమెరికాలోని ఆర్కాన్సా రాళ్లను సాఫ్ట్, హార్డ్, బ్లాక్, ట్రాన్స్‌లూసెంట్ అని అమ్ముతారు. అవి భూమిలోంచి తీసిన నోవాక్యులైట్ రాళ్లు. వాటిలో తేడా రేణువు సైజుది కాదు, రాయి ఎంత దట్టంగా ఉందన్నదే. దట్టమైనకొద్దీ నునుపైన అంచు ఇస్తుంది, నెమ్మదిగా కోస్తుంది.

నాలుగో మెట్టు: రకం తేల్చుకోండి

ఆయిల్ స్టోన్ గట్టిది, నెమ్మదిగా అరుగుతుంది. 6 మి.మీ. ఉలిని, చెక్కడం పని చేసే సన్నటి పనిముట్లను దీని మీద భయం లేకుండా నూరొచ్చు, రాయిలోకి దిగవు. ఫ్యాక్టరీలో తయారయ్యేవి రెండు రకాలు. అల్యూమినియం ఆక్సైడ్‌తో చేసే ఇండియా రాళ్లు మొదటివి. రెండోవి సిలికాన్ కార్బైడ్‌తో చేసేవి. మన వడ్రంగులు కార్బొరండం అని పిలిచేది ఈ రెండోదాన్నే. 1890ల మొదట్లో అమెరికాలో ఎడ్వర్డ్ ఆచెసన్ ఎలక్ట్రిక్ కొలిమిలో దీన్ని తయారుచేసి ఆ పేరు పెట్టాడు. కార్బొరండం వేగంగా కోస్తుంది, ఇండియా రాయి కాస్త నెమ్మదిగా కోసినా గీతలు సన్నగా పడతాయి. సహజమైన ఆర్కాన్సా రాయి దాదాపు అంతా క్వార్ట్జ్. గట్టిపరిచిన స్టీలుకు, క్వార్ట్జ్‌కు గట్టిదనంలో పెద్ద తేడా లేదు. కార్బన్ స్టీలు మీద అద్భుతమైన అంచు ఇస్తుంది కానీ డీ2, హైస్పీడ్ స్టీలు బ్లేడ్లకు దాన్ని కొని డబ్బు వృథా చేసుకోకండి.

ఈ రాళ్ల మీద మినరల్ ఆయిల్ కానీ కిరోసిన్ కలిపిన పల్చటి నూనె కానీ వాడాలి. వంటనూనె వద్దు. అది కొన్నాళ్లకు జిగురుగా గడ్డకట్టి రాయి రంధ్రాలు మూసేస్తుంది, తర్వాత రాయి కోయడం మానేసి జారిపోతుంది.

వాటర్ స్టోన్ దీనికి సరిగ్గా ఎదురు. రేణువులను పట్టి ఉంచే బంధం మెత్తగా ఉండటం వల్ల పాత రేణువులు ఊడిపోతూ కొత్తవి బయటపడుతూ ఉంటాయి. అందుకే అది వేగంగా కోస్తుంది, అందుకే త్వరగా గుంట కూడా పడుతుంది. వేగం కావాలనుకుంటే ఈ అరుగుదలను ఒప్పుకోవాలి. కొన్నింటిని పది పదిహేను నిమిషాలు నీళ్లలో నానబెట్టాలి, కొన్నింటి మీద నాలుగు చుక్కలు చల్లితే చాలు. కొనేముందు ఏది ఏ రకమో తప్పకుండా తెలుసుకోండి. మెగ్నీషియా బంధంతో చేసిన రాళ్లను నీళ్లలో అలాగే వదిలేస్తే మెత్తబడి పగుళ్లు వస్తాయి. చలికి నీళ్లు గడ్డకట్టే చోట తడి రాయిని బయట ఉంచితే అదీ పగులుతుంది. పని బల్ల దగ్గర నీళ్లు, అడుసు తప్పవు. ఒకే గది, ఒకే బల్ల ఉన్నవాళ్లు, పక్కనే నునుపు చేసిన చెక్క ఉంచుకునేవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

సిరామిక్ అని అమ్మే గట్టి వాటర్ స్టోన్లు నానబెట్టే పని తప్పిస్తాయి, ఏ2 స్టీలును బాగా కోస్తాయి, మెత్తటి రాళ్లంత త్వరగా గుంట పడవు. ధర ఎక్కువే అయినా ఏ2 బ్లేడ్లు ఎక్కువగా ఉన్నవాళ్లకు నేను ముందు చెప్పేది ఇవే.

డైమండ్ ప్లేటు స్టీలు పలక మీద నికెల్‌తో అతికించిన డైమండ్ పొడి. చదును చెడదు, ఎలాంటి స్టీలునైనా కోస్తుంది, నానబెట్టనక్కర్లేదు. కొత్తలో గరుకుగా, లోతు గీతలు పెడుతుంది. వాడగా వాడగా ఒక దారికి వస్తుంది, అప్పటిదాకా దాని గురించి తీర్పు చెప్పకండి. గట్టిగా నొక్కితే డైమండ్ రేణువులు ఊడిపోతాయి, ఊడినవి మళ్లీ రావు. చేతి బరువే చాలు. నునుపు దశలో మాత్రం నాకు డైమండ్ ప్లేటు కన్నా నునుపు రాయే నచ్చుతుంది, అంచు మీద గీతలు సమానంగా కనిపిస్తాయి.

ఇప్పుడే డబ్బు పెట్టాలని లేకపోతే మందమైన అద్దం పలక మీద తడి శాండ్‌పేపర్ అతికించి నేర్చుకోవచ్చు. అంచును వెనక్కి మాత్రమే లాగాలి, ముందుకు తోస్తే పేపర్ చిరుగుతుంది. నెలలు గడిచేకొద్దీ పేపర్ల ఖర్చు మంచి రాయి ధరను దాటిపోతుంది కాబట్టి దీన్ని తాత్కాలికంగానే ఉంచుకోండి. బెల్జియం కోటిక్యూల్, జపాన్ క్యోటో ప్రాంతపు సహజ రాళ్ల గురించి గొప్పగా వింటారు. నిజంగానే గొప్ప రాళ్లు, కానీ ఒక్కో రాయి ఒక్కోలా ఉంటుంది. మొదటి రాయిగా వద్దు.

ఇక తేల్చి చెప్పాలంటే: కార్బన్ స్టీలు ఉలులు, సన్నటి పనిముట్లు ఎక్కువ, తడి నచ్చదు అనుకుంటే ఇండియా రాయి, హార్డ్ ఆర్కాన్సా. మామూలు బ్లేడ్లు, వేగం కావాలి, రాయిని చదును చేసే ఓపిక ఉంది అంటే వాటర్ స్టోన్లు. ఏ2 అయితే సిరామిక్. డీ2, హైస్పీడ్, పౌడర్ స్టీలు అయితే మధ్య దశ దాకా డైమండ్, ఆ తర్వాత సిరామిక్ నునుపు రాయి. డైమండ్‌తో వాటర్ స్టోన్‌ను కలిపి వాడటంలో ఇబ్బంది లేదు. నూనె రాయికి, నీటి రాయికి మాత్రం పొత్తు కుదరదు. నూనె అంటిన బ్లేడును నీటి రాయి మీద పెడితే నూనె రాయిలోకి ఇంకి రంధ్రాలు పూడ్చేస్తుంది.

ఐదో మెట్టు: కొనే ముందు చేత్తో పరీక్షించండి

స్టీలు స్కేలును నిలువుగా రాయి మీద పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. స్కేలు కింద వెలుగు గీత ఎక్కడ కనిపిస్తే అక్కడ పల్లం. పొడవునా, అడ్డంగా, రెండు మూలల మధ్య ఏటవాలుగా కూడా చూడాలి. కొత్త రాయిలో కొద్దిపాటి తేడా ఉండటం మామూలే, చదును చేసుకోవచ్చు. డైమండ్ ప్లేటులో వెలుగు కనిపిస్తే మాత్రం కొనకండి, దాన్ని సరిచేయలేం.

రాయిని వేళ్ల కొసల మీద వదులుగా పట్టుకుని గోటితో తట్టండి. గట్టి రాయి ఖంగుమని పలకాలి. బొంగురుగా పలికితే లోపల పగులు ఉండొచ్చు. తడిపి ఆరనివ్వండి. అంతా ఆరిపోయాక కూడా ఒక గీత మాత్రం తడిగా ముదురు రంగులో మిగిలితే అదే పగులు.

పాత ఆయిల్ స్టోన్ చవగ్గా దొరికితే వదులుకోకండి. నల్లగా, మెరుస్తూ, జిగటగా ఉన్నా లోపల రాయి బాగానే ఉంటుంది. కిరోసిన్‌లో రెండు మూడు రోజులు ఉంచి గట్టి బ్రష్‌తో రుద్దండి. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయాల్సిన పని ఇది. తర్వాత అద్దం పలక మీద గరుకు సిలికాన్ కార్బైడ్ పొడి, నీళ్లు వేసి రాయిని దాని మీద తిప్పుతూ అరగదీస్తే కొత్త ముఖం బయటపడుతుంది. మధ్యలో చాలా లోతు గుంట ఉంటే అరగదీయడానికి పట్టే సమయం కూడా ధరలో కలిపి లెక్కేసుకోండి.

ఆరో మెట్టు: చదును చేసే సాధనం కూడా రాయితో పాటే కొనండి

వాటర్ స్టోన్‌కు డబ్బు లెక్క వేసుకునేటప్పుడు ఈ ఖర్చు కూడా అందులోనే ఉండాలి. గుంట పడిన రాయి మీద ఉలి వెనక ముఖాన్ని పెడితే ఆ ముఖం రాయి ఆకారాన్నే తీసుకుంటుంది. అంచు దగ్గర ముఖం గుండ్రమైతే ఉలిని చెక్కకు ఆనించి నేరుగా కోయాలన్నా కుదరదు. అది పక్కకు జారుతుంది. బెజ్జాల గోడలు వంకరపోవడానికి ఇదీ ఒక కారణం.

పద్ధతి సులువు. రాయి ముఖం మీద మెత్తటి పెన్సిల్‌తో నిలువు, అడ్డ గీతలు గీయండి. 300 నుంచి 400 మెష్ డైమండ్ ప్లేటును తడి రాయి మీద పెట్టి ఏటవాలుగా, అటూ ఇటూ దిశ మారుస్తూ రుద్దండి. ముందు రెండు చివర్ల గీతలు, మూలల గీతలు పోతాయి, మధ్యలో మాత్రం మిగిలి ఉంటాయి. రాయి ఎక్కడ గుంట పడిందో అవే చూపిస్తాయి. చివరి గీత పోయేదాకా రుద్ది, ఇంకోసారి గీతలు గీసి చూడండి. ఈసారి అన్నీ దాదాపు ఒకేసారి పోవాలి. రాయి ప్లేటుకు అతుక్కుపోతుంటే నీళ్లు తక్కువైనట్టు. ఆఖర్న రాయి అంచులను కొద్దిగా ఏటవాలుగా రుద్దితే పెచ్చులు లేవవు. బాగా కడగండి, గరుకు రేణువు ఒక్కటి నునుపు రాయి మీద మిగిలినా అంచు మీద గీత పడుతుంది.

డైమండ్ ప్లేటుకు డబ్బు లేకపోతే అద్దం మీద అతికించిన గరుకు తడి శాండ్‌పేపర్‌తో ఇదే పని చేయొచ్చు. మెత్తటి రాయిని వాడిన ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు చదును చేయడం తేలిక. గుంట లోతయ్యేదాకా ఆగితే అదొక పూట పని.

ఏడో మెట్టు: కొత్త రాయిని ఒక ఉలితో పరీక్షించండి

20 లేదా 25 మి.మీ. ఉలి తీసుకోండి. వెనక ముఖాన్ని కొస వైపు రెండు మూడు సెంటీమీటర్లు చదును చేస్తే చాలు. వాలు వైపు 1000 మీద బర్ వచ్చేదాకా రుద్దండి. నునుపు రాయి మీద తేలిగ్గా కొన్నిసార్లు రుద్ది, వెనక ముఖాన్ని రాయికి పూర్తిగా ఆనించి బర్ తీసేయండి. ఇప్పుడు అంచును దీపం వైపు తిప్పి నేరుగా చూడండి. పదునైన అంచుకు వెలుతురును తిప్పికొట్టే వెడల్పు ఉండదు, కనిపించదు. ఎక్కడైనా సన్నటి తెల్లటి గీత మెరిస్తే అక్కడ ఇంకా మొండిగా ఉందని అర్థం. భూతద్దం ఉంటే ఇది ఇంకా బాగా తెలుస్తుంది.

తర్వాత మెత్తటి చెక్క, పైన్ లాంటిది, రంపంతో అడ్డంగా కోసిన కొన మీద ఉలిని తోయండి. మెత్తటి చెక్క నార మొండి అంచు కింద అణిగి చిరుగుతుంది కాబట్టి గట్టి చెక్క కన్నా ఇదే కఠినమైన పరీక్ష. కోసిన చోట నున్నగా మెరిస్తే అంతా సవ్యంగా ఉన్నట్టు. తెల్లటి పొడి మచ్చలు, చిరిగిన గుంటలు కనిపిస్తే అంచు చాలలేదు.

ఫలితం రాకపోతే వెంటనే రాయిని తిట్టకుండా ఎక్కడ ఆగిపోయిందో చూడండి. అంచు మెరుస్తోంది కానీ కోయడం లేదు అంటే మధ్య రాయి పని సగంలో ఆపేశారు. ఎంత రుద్దినా బర్ రావడం లేదు అంటే వాలు మీద మార్కర్‌తో రంగు పూసి రెండుసార్లు రుద్దండి. కొస దగ్గర రంగు అలాగే ఉంటే చేతి కోణం తక్కువైంది. కొస దగ్గర రంగు పోయినా బర్ రాకపోతే, ఉలి రాయి మీద గీరిన చప్పుడు లేకుండా జారిపోతుంటే, అప్పుడు తప్పు రాయిది. రంధ్రాలు పూడి ఉంటాయి, ముఖాన్ని ఒకసారి డైమండ్ ప్లేటుతో తాజా చేయండి. అలా చేశాక కూడా అదే ఉలి జారుతూ, వేరే మామూలు ఉలి మాత్రం చక్కగా అరుగుతుంటే ఆ ఉలి స్టీలుకు ఆ రాయి సరిపోదని తేలినట్టు. చదును చేయడానికి కొన్న డైమండ్ ప్లేటు ఎలాగూ దగ్గరుంది కాబట్టి ముందు దాని మీద ఆ ఉలిని దారికి తెచ్చి చూసి, అప్పుడు సిరామిక్ రాయి సంగతి ఆలోచించండి.